మందసం మీద ఎవరూ కూర్చుని లేరెందుకు? ప్రత్యక్ష గుడారం వస్తువుల అర్థం గురించి

మీరు అడిగినదాంట్లో నిజానికి రెండు ప్రశ్నలున్నాయండి. మందసం, కెరూబులు, దీపవృక్షం, రొట్టెల బల్ల, ధూపవేదిక, వీటిని ఆనాటి ఇశ్రాయేలీయులు ఏమని అర్థం చేసుకునేవారు అన్నది మొదటిది. విగ్రహం చేసుకోవద్దని పది ఆజ్ఞల్లో చెప్పిన దేవుడే బంగారు కెరూబులను ఎందుకు చేయించాడు అన్నది రెండోది. ఒక్కో ప్రసంగంలో ఒక్కో అర్థం విని అయోమయంగా ఉందని రాశారు. నేను ఇరవై ఆరేళ్లుగా ఒక వేదాంత కళాశాలలో హీబ్రూ, పాత నిబంధన చెబుతున్నాను. ఏటా కొత్త బ్యాచ్ రాగానే ముందు అడిగేది ఇదే. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

ముందు సూటిగా జవాబు. ఎడారి ప్రయాణంలో ఇశ్రాయేలీయులు ఆరాధనకు వేసుకున్న ఈ ప్రత్యక్ష గుడారంలో ఉన్నవి గుప్త సంకేతాలు కావు, ఇంటి సామాను. వెలుగుతున్న దీపం, బల్ల, బల్ల మీద రొట్టె, ధూపం వాసన, లోపలి గదిలో సింహాసనం. హీబ్రూలో గుడారానికి 'మిష్కాన్' అని పేరు. కాపురముండటం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది ఆ మాట. 'రాజు ఈ ఇంట్లోనే ఉన్నాడు, మీ మధ్యనే ఉన్నాడు' అని ఆ సామానంతా కలిసి చెబుతుంది. విడివిడిగా ఒక్కో వస్తువుకు అర్థం వెతికితే దారి తప్పుతాం. ఇక ఆ సింహాసనం మీద బొమ్మ లేదు. చుట్టుపక్కల దేశాల గుళ్లలో మామూలుగా ఉన్నది, ఇక్కడ లేనిది అదే. నా మటుకు నాకు, ఆ ఖాళీ చోటే ఇశ్రాయేలీయుల ఆరాధనలో అన్నిటికంటే పెద్ద గుర్తు.

మందసంతో మొదలుపెడతాను. మందసం అంటే పెట్టె అన్న సంగతి మనలో చాలామంది మరిచిపోయారు. హీబ్రూలో దాన్ని 'అరోన్' అన్నారు, అదీ మామూలు పెట్టెకు వాడే మాటే. ఆదికాండం చివర యోసేపు శవాన్ని ఉంచిన పెట్టెకు అదే మాట. రాజుల రెండో గ్రంథం 12వ అధ్యాయంలో గుడి మరమ్మతుకు కానుకలు వేసిన పెట్టెకూ అదే మాట. కొలత రెండున్నర మూరల పొడుగు, మూరన్నర వెడల్పు, మూరన్నర ఎత్తు. ఈ మూర మనకు పరాయిది కాదు. పూలమ్మే ఆవిడ మోచేతి నుంచి వేలి కొస దాకా కొలిచి ఇస్తుందే, ఆ లెక్కే.

ఏటా క్లాసులో నేలమీద సుద్దముక్కతో ఈ కొలత గీయిస్తాను. మూర 45 సెంటీమీటర్లు అనుకుంటే 112 సెంటీమీటర్ల పొడుగు, 67 వెడల్పు వస్తుంది. గీసి లేచిన పిల్లలు "ఇంతేనా సార్?" అంటారు. ఇంతే. అమ్మమ్మగారింట్లో మంచం కింద ఉండే ట్రంకుపెట్టె కంటే కాస్త పెద్దది.

అందులో ఏముండేది? సొలొమోను కట్టించిన ఆలయంలోకి తెచ్చినప్పుడు పది ఆజ్ఞల రాతిపలకలు రెండు తప్ప ఇంకేమీ లేవని రాజుల మొదటి గ్రంథం 8:9 చెబుతుంది. మన్నా పాత్ర, చిగిర్చిన అహరోను కర్ర కూడా అందులోనే ఉన్నాయన్నది హెబ్రీ పత్రిక 9:4 మాట. మరి ఒడంబడిక పలకల్ని అక్కడే ఎందుకు పెట్టారు? ఆ కాలంలో రాజులు సంధి చేసుకుంటే దాని ప్రతిని తమ దేవుడి పాదాల దగ్గర ఉంచేవారు. క్రీ.పూ. 1259 ప్రాంతంలో ఐగుప్తు రాజు రెండో రామ్సెస్‌కూ హిత్తీయుల రాజు హట్టుసిలికీ కుదిరిన సంధి పలకల్ని అలాగే ఉంచారు. మాట తప్పితే దేవుడే సాక్షి అని దాని భావం. ఇప్పుడు దినవృత్తాంతాల మొదటి గ్రంథం 28:2 తీసి చూడండి. దావీదు మందసం గురించి చెబుతూ దేవుని పాదపీఠం అంటాడు. పలకలు పాదాల కింద ఉన్నాయన్నమాట.

కింద పాదపీఠం ఉంటే పైన సింహాసనం ఉండాలి కదా. ఆ పని మందసం మూత మీద నిలిపిన బంగారు కెరూబులది.

కెరూబు అనగానే బుగ్గలు ఉబ్బిన రెక్కల పసిపాప గుర్తొస్తే ఆ బొమ్మను మనసులోంచి తీసేయండి. అది యూరప్ చిత్రకారుల ఊహ. ప్రాచీన పశ్చిమాసియాలో ఇలాంటి కాపలా రూపాలకు సింహం ఒళ్లు, పక్షి రెక్కలు, మనిషి ముఖం ఉండేవి. మెగిద్దోలో దొరికిన ఒక దంతపు పలక మీద, బిబ్లోసులో దొరికిన అహీరాం రాజు శవపేటిక మీద ఇవి స్పష్టంగా కనిపిస్తాయి. రాజు కూర్చున్న ఆసనానికి రెండు పక్కలా రెక్కల సింహాలు, రాజు కాళ్ల కింద పీట. మన తెలుగులో ఆసనానికి సింహాన్ని చేర్చి 'సింహాసనం' అంటున్నాం కాబట్టి మనకు ఈ బొమ్మ అర్థం కావడం కష్టమేమీ కాదు. 'కెరూబుల మధ్య ఆసీనుడైన యెహోవా' అని సమూయేలు మొదటి గ్రంథం 4:4 లోనూ, 99వ కీర్తనలోనూ ఉన్నది ఈ చిత్రమే.

ఇక్కడే మీ రెండో ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. రెండో ఆజ్ఞ నిషేధించింది మొక్కడానికి చేసుకునే రూపాన్ని. కెరూబులకు ఎవరూ మొక్కలేదు, నైవేద్యం పెట్టలేదు. ఏదెను తోట వాకిలి దగ్గర కాపలా ఉన్నదీ వాళ్లే (ఆదికాండం 3:24), మందసం ఉన్న లోపలి గది, అంటే అతిపరిశుద్ధ స్థలం ముందు వేలాడే అడ్డతెర మీద నేసినదీ వాళ్ల రూపాలనే. గుడి గుమ్మంలో జయవిజయుల్ని చూడగానే లోపల ఎవరున్నారో మనకు తెలిసిపోతుంది కదా, కెరూబుల పనీ అలాంటిదే. తేడా ఏమిటంటే, గుమ్మం దాటి లోపలికి వెళ్లి చూస్తే ఆసనం ఖాళీ.

మరో చిన్న వివరం ఉంది, నాకు చాలా ఇష్టమైనది. మందసానికి నాలుగు ఉంగరాలు, వాటిలో రెండు మోతకర్రలు. ఆ కర్రల్ని ఎప్పుడూ తీయకూడదని నిర్గమకాండం 25:15 ఆజ్ఞ. దేవాలయంలో స్థిరంగా పెట్టాక కూడా తీయలేదు. వాటి కొనలు గర్భాలయం ముందున్న గదిలోకి కనిపించేవని రాజుల మొదటి గ్రంథం 8:8 రాస్తుంది. అంటే ఇది ఏ నిమిషమైనా ప్రయాణానికి సిద్ధంగా ఉన్న సింహాసనం. ఒక ఊరికో కొండకో కట్టిపడేసిన దేవుడు కాదని ఆ రెండు కర్రలు చెబుతున్నాయి. ప్రసంగాల్లో వీటి ఊసే వినపడదు.

ఇక దీపవృక్షం. ఇంగ్లీషు పాత అనువాదాలు దీన్ని కొవ్వొత్తుల స్తంభం అన్నాయి. కొవ్వొత్తులు అసలు లేవు, ఒలీవ నూనె దీపాలు. తెలుగు బైబిలు అనువాదకులు 'దీపవృక్షము' అన్నారు. వాళ్లకు దండం పెట్టాలి, ఎందుకంటే అది నిజంగానే చెట్టు. నిర్గమకాండం 25వ అధ్యాయంలో దాన్ని వర్ణించిన మాటలన్నీ చెట్టు మాటలే: కొమ్మలు, మొగ్గలు, పువ్వులు. నడిమి కాండానికి అటు మూడు, ఇటు మూడు కొమ్మలు. ఒక్కో కొమ్మకు బాదం పువ్వు ఆకారంలో మూడు గిన్నెలు, నడిమి కాండానికి నాలుగు, మొత్తం 22. అంతా కలిపి ఒక తలాంతు బంగారం, ముప్పై కిలోల పైమాట.

బాదమే ఎందుకు? ముందు ఒక మాట. మన బడుల ఆవరణల్లో వెడల్పాటి ఆకులతో నీడనిచ్చే నాటు బాదం కాదు ఇది. ఆ రెండు చెట్లకూ చుట్టరికం లేదు. ఇశ్రాయేలు దేశంలో అసలు బాదం చెట్టు చలికాలం ఇంకా పోకముందే, ఆకు కూడా వేయకుండా, ఒళ్లంతా తెల్లగా పూస్తుంది. అన్ని చెట్ల కంటే ముందు మేలుకునేది అదే. హీబ్రూలో దాని పేరు 'షాకేద్', మెలకువగా కాపాడేవాడిని 'షోకేద్' అంటారు. యిర్మీయా 1:11-12లో దేవుడు ఈ రెండు మాటల పోలికతోనే ప్రవక్తకు తన మాట చెబుతాడు. తెలుగులో చదివితే ఆ పోలిక వినపడదు, ఏం చేయలేం. సాయంత్రం వెలిగించి తెల్లవార్లూ ఆరకుండా చూసుకునే దీపానికి, ముందుగా మేలుకునే చెట్టు రూపం ఇచ్చారు. ఇంటాయన నిద్రపోలేదని అర్థం. ఇంకో సంగతీ మరవకండి. ఆ గుడారానికి కిటికీ లేదు, పైన నాలుగు పొరల కప్పు. దీపం లేకపోతే లోపల చేయి కూడా కనపడదు. అవసరంలోంచే గుర్తు పుట్టింది.

ఈ దీపవృక్షాన్ని కళ్లతో చూడాలంటే రోములో టైటస్ విజయతోరణం మీద చూడొచ్చు. క్రీ.శ. 70లో యెరూషలేము ఆలయాన్ని కూల్చాక రోమా సైనికులు దాన్ని భుజాల మీద మోసుకుపోతున్న దృశ్యం చెక్కి ఉంది. అది హేరోదు కాలపు ఆలయంలోది. సొలొమోను ఆలయంలో అయితే ఒకటి కాదు, పది దీపస్తంభాలుండేవి.

రొట్టెల విషయంలో మా హాస్టల్ వంటాయనకు నేను రుణపడి ఉన్నాను. లేవీయకాండం 24 ప్రకారం పన్నెండు రొట్టెలు, ఒక్కోదానికి ఏఫాలో పదోవంతులు రెండు గోధుమపిండి. ఏఫా సుమారు 22 లీటర్లు. అంటే రొట్టెకు నాలుగు లీటర్ల పైన పిండి, తూకంలో రెండు కిలోలు దాటుతుంది. ఒక ఏడు పిల్లలు పట్టుబడితే ఆయన రెండు కిలోల పిండి కలిపి ఒకే రొట్టె కాల్చి ఇచ్చాడు. పెద్ద పళ్లెం అంత వచ్చింది, రెండు చేతులతో పట్టుకోవాల్సి వచ్చింది. బల్లేమో రెండు మూరల పొడుగు, ఒక మూర వెడల్పు. 'ఆరేసి చొప్పున రెండు వరుసలు' అని మన బైబిల్లో ఉంది కానీ, ఆ బల్ల మీద అలాంటివి పన్నెండు పక్కపక్కన పట్టవు. దొంతరలుగా పేర్చి ఉండాలి. హీబ్రూ మాటకు ఆ అర్థమూ కుదురుతుంది. ఇరవై ఏళ్లు పాఠం చెప్పినా నాకు తట్టని సంగతి పిండి ముద్ద చూపించింది.

వీటి పేరు 'ముఖం రొట్టెలు', మన బైబిల్లో సన్నిధి రొట్టెలు. పన్నెండు గోత్రాలూ ఎప్పుడూ ఆయన ముఖం ముందే ఉన్నాయని భావం. బబులోను ప్రాంతపు గుళ్లలో దేవతా విగ్రహానికి రోజూ పూటపూటకూ భోజనం వడ్డించేవారు. ఇక్కడ వారానికోసారి సబ్బాతునాడు రొట్టెలు మార్చి, పాతవాటిని యాజకులు తినేవారు. పక్కన ఉంచిన సాంబ్రాణి మాత్రమే మంటలో వేసేవారు. 'నాకు ఆకలైతే నీతో చెబుతానా' అని 50వ కీర్తనలో దేవుడు అడుగుతాడు. బల్ల ఉంది, రొట్టె ఉంది, కానీ ఆయన తిండికి మన మీద ఆధారపడలేదు. ఖాళీ సింహాసనం ఏం చెబుతోందో రొట్టెల బల్ల కూడా అదే చెబుతోంది.

రంగులు, లోహాలు, మేకులు. నీల ధూమ్ర రక్తవర్ణాలకు, ఇత్తడి మేకులకు, దిమ్మలకు విడివిడిగా అర్థాలు చెప్పే ప్రసంగాలు మీరు విన్నారని రాశారు. అలా చెప్పేవారి భక్తిని నేను శంకించను. పైగా అది కొత్త అలవాటు కూడా కాదు. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ ఏడు దీపాలు ఏడు గ్రహాలని, పన్నెండు రొట్టెలు పన్నెండు నెలలని, తెర నేసిన నాలుగు రకాల నూలు నేల, నీరు, గాలి, నిప్పు అని రాశాడు. హెబ్రీ పత్రిక క్రీస్తు వైపు చూపిస్తూ చదివింది. క్రైస్తవుడిగా నేనూ ఆ చదువును నమ్ముతాను. కాకపోతే క్లాసులో ఒక వరుస పాటించమంటాను: ముందు ఆ వస్తువు అక్కడ ఏం పని చేసిందో తెలుసుకోండి, తర్వాత దాని నెరవేర్పు గురించి మాట్లాడండి. మేకు పని గుడారం గాలికి లేచిపోకుండా పట్టుకోవడం. లేఖనం దాని గురించి అంతకంటే చెప్పలేదు.

లోహాలూ రంగులూ విడిగా కాక వరుసలో చూస్తే మాట్లాడతాయి. ఆవరణలో ఇత్తడి, గుడారపు పలకల కింద వెండి దిమ్మలు, లోపల బంగారం. బయటి నుంచి లోపలికి వెళ్లే కొద్దీ బట్ట ఖరీదు పెరుగుతుంది, అడుగుపెట్టగలిగే మనుషుల సంఖ్య తగ్గుతుంది. ఆవరణలోకి జనం, పరిశుద్ధ స్థలంలోకి యాజకులు, అతిపరిశుద్ధ స్థలంలోకి ఏడాదికి ఒక్కరోజు ఒకే ఒక్కడు. ఆ ఒక్కరోజు ప్రధాన యాజకుడు బంగారు దారాలతో నేసిన పైవస్త్రం ఏఫోదును విప్పేసి మామూలు నార బట్టలతో వెళ్లాలి (లేవీయకాండం 16:4). అన్ని ఆభరణాలూ ఇంటి బయటి గదుల వరకే. ధూపం పొగ కరుణాపీఠాన్ని, అంటే మందసం మూతను, కప్పేయాలి కూడా. ఖాళీ ఆసనాన్నైనా కళ్లారా చూడకూడదన్నమాట.

యాజకుడి కాలికి తాడు కట్టి పంపేవారని, లోపల చనిపోతే లాగేవారని మీరూ వినే ఉంటారు. అది బైబిల్లో లేదు. మధ్యయుగపు యూదు మార్మిక గ్రంథం జోహార్‌లోంచి వచ్చిన కథ. అలాగే ఆరు కోణాల దావీదు నక్షత్రం. మన ఇళ్ల గుమ్మాల మీద, కార్ల అద్దాల మీద కనిపిస్తుంది కానీ, ప్రాచీన ఇశ్రాయేలు ఆరాధనలో దానికి చోటు లేదు. యూదులకు గుర్తుగా అది స్థిరపడింది ఎన్నో శతాబ్దాల తర్వాత, యూరప్‌లో. ప్రాచీన గుర్తు కావాలంటే దీపవృక్షమే.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. లేఖనంలో ఉన్నట్టే జనం అంతటా ఆరాధించారనుకోకండి. దక్షిణాన అరాదు కోటలో 1960ల్లో యోహానాన్ అహరోని తవ్వకాల్లో యూదా రాజ్యకాలపు చిన్న గుడి బయటపడింది. దాని గర్భాలయంలో బొమ్మ లేదు, నిలబెట్టిన ఒక రాయి ఉంది, గుమ్మం దగ్గర రెండు ధూపవేదికలు. యెరూషలేములోని మ్యూజియంలో వాటి ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. పెద్దది మోకాలి ఎత్తు ఉంటుంది, చిన్నది ఇంకా పొట్టి. పైన నల్లటి మసి ఇప్పటికీ కనిపిస్తుంది. 2020లో ప్రచురించిన పరీక్షల్లో పెద్దదాని మీద సాంబ్రాణి, జంతు కొవ్వు ఆనవాళ్లు, చిన్నదాని మీద గంజాయి, పేడ ఆనవాళ్లు దొరికాయి. నిర్గమకాండం 30లో చెప్పిన ధూపద్రవ్యాల పట్టికలో గంజాయి లేదు. సీనాయి ఎడారిలోని కుంటిల్లెత్ అజ్రూద్‌లో దొరికిన క్రీ.పూ. 800 ప్రాంతపు రాతల్లో 'సమరియ యెహోవా, ఆయన అషేరా' అని ఉంది. అషేరా కనానీయుల దేవత పేరు. ప్రవక్తలు అంత గొంతెత్తి పోరాడింది ఊహల మీద కాదు, ఇలాంటి వాటి మీదే.

గుర్తు తన హద్దు ఎప్పుడు దాటుతుందో తెలియాలంటే ఇత్తడి సర్పం కథ చదవండి. సంఖ్యాకాండం 21లో మోషే దాన్ని దేవుడి ఆజ్ఞతోనే చేశాడు. జనం చూసి బతికారు. కొన్ని వందల ఏళ్ల తర్వాత దానికే ధూపం వేయడం మొదలుపెట్టారు, 'నెహుష్టాను' అని పేరూ పెట్టారు. హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయించాడు (రాజుల రెండో గ్రంథం 18:4). మోషే చేతులతో చేసిన వస్తువును పగలగొట్టించడానికి ఎంత గుండె ధైర్యం కావాలో ఆలోచించండి. ఉత్తర ఇశ్రాయేలు రాజు యరొబాము బేతేలు, దాను ఊళ్లలో నిలబెట్టిన బంగారు దూడలు కూడా మొదట కనిపించని దేవుడికి వాహనపీఠంలాగే ఉద్దేశించి ఉండొచ్చని కొందరు పండితుల అభిప్రాయం. నాకూ అది సబబే అనిపిస్తుంది. కానీ కనానీయుల దేవుడైన బయలుకు వాహనమూ ఎద్దే కావడంతో జనానికి తేడా మిగల్లేదు. హోషేయ 13:2 నాటికి దూడల్ని ముద్దు పెట్టుకుంటున్నారు. కెరూబులు తెర వెనక చీకట్లో ఉండిపోయాయి కాబట్టి వాటికా గతి పట్టలేదని నా నమ్మకం.

చివరగా, మందసం ఇప్పుడెక్కడుంది అని మీరు అడగలేదు కానీ చాలామంది అడుగుతారు. క్రీ.పూ. 586లో బబులోనీయులు ఆలయాన్ని కాల్చాక దాని జాడ లేదు. బబులోను చెర నుంచి తిరిగి వచ్చినవాళ్లు రెండో ఆలయం కట్టారు కానీ కొత్త మందసం చేయించలేదు. క్రీ.పూ. 63లో రోమా సేనాని పాంపే అతిపరిశుద్ధ స్థలంలోకి చొరబడి చూస్తే, అక్కడ ఏ దేవుడి బొమ్మా లేదు, వట్టి గది. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదు ధర్మబోధల సంకలనం మిష్నాలో ఆ గది వర్ణన ఉంది. మందసం ఉండాల్సిన చోట నేలకు మూడు వేళ్ల ఎత్తున ఒక రాయి ఉండేది. ఏడాదికోసారి ప్రధాన యాజకుడు వెళ్లి ధూపపాత్రను ఆ రాతి మీదే పెట్టేవాడు. గది పొగతో నిండాక, వెనక్కి వెనక్కి నడుస్తూ వచ్చిన దారినే బయటికి వచ్చేవాడు. ముందు గదిలో ఆగి ప్రార్థన చేసేవాడు, అదీ చిన్నదే. ఆలస్యమైతే బయట కాచుకున్న జనం కంగారుపడతారని.